పాత సైకిలును పెద్దల మూడు చక్రాల బండిగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, తోలు సీటు ఉన్న పాత నల్ల సైకిలు. తొక్కేవాళ్లు లేక వసారాలో మూలన పడి ఉంది. వెనక రెండు చక్రాలు వేయించి ఇంట్లో పెద్దవాళ్లకు ఇస్తే ఎలా ఉంటుందని నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. పని అయ్యేదే. అయితే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లే ముందు ఇది చదవండి. ఫ్రేము కోసేశాక సలహా చెప్పీ ఉపయోగం లేదు.

ఇది అసలు ఎవరికి పనికొస్తుంది?

కాళ్లలో బలం ఉండి, తూకం నిలుపుకోలేనివాళ్లకు. ఆగినప్పుడు కాలు కింద పెట్టడానికి భయపడేవాళ్లకు, నిదానంగా వెళ్తే సైకిలు ఊగుతుందని మానేసినవాళ్లకు బాగా కుదురుతుంది. చూపు మందగించినవాళ్లకు, కళ్లు తిరిగేవాళ్లకు మూడో చక్రం ఏ మేలూ చేయదు. రోడ్డు మీదికి వెళ్లే ధైర్యం మాత్రం ఇస్తుంది, అది ఇంకా ప్రమాదం.

మన నల్లగొండ జిల్లాలో ఇంకో సంగతి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో చాలామందికి మోకాళ్లు, నడుము పట్టేసి ఉంటాయి. వాళ్లకు తూకం కంటే మోకాలు వంగకపోవడమే అసలు అడ్డంకి. పాత సైకిళ్ల క్రాంకు, అంటే పెడలును మధ్య ఇరుసుకు కలిపే కమ్మీ, ఆరున్నర నుంచి ఏడు అంగుళాలు ఉంటుంది. దాన్ని తీసి పిల్లల సైకిలు క్రాంకు వేయించండి. క్రాంకు ఒక అంగుళం తగ్గితే పెడలు తిరిగే చుట్టు అడ్డకొలత రెండు అంగుళాలు తగ్గుతుంది, మోకాలు ఆ మేరకు తక్కువ వంగితే చాలు. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను లావు సరిపోతుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. బండి మార్చే ముందే పాత సైకిలును స్టాండు మీద నిలిపి, వెనక ఒక మనిషి గట్టిగా పట్టుకోగా, వాళ్లను కూర్చోబెట్టి పెడలు తిప్పించి చూడండి. పొట్టి క్రాంకుతో కూడా పూర్తి చుట్టు రాకపోతే ఈ ఖర్చు పెట్టకండి.

ఏ సైకిలు తీసుకోవాలి? అట్లాస్ అయితే మంచిదా, హీరోనా?

పేరు గురించి దిగులు వద్దు. హీరో 1956లో లూధియానాలో మొదలైంది, హెర్క్యులిస్, బీఎస్ఏ బళ్లు చేసే టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మద్రాసులో మొదలైంది. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, అదీ సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం రోజున. ఇవన్నీ పాత ఇంగ్లీషు సైకిలు కొలతల మీద కట్టినవే కాబట్టి ఒకదాని సామాను మరోదానికి చాలావరకు సరిపోతుంది.

చూడవలసింది ఫ్రేము ఆకారం. మగవాళ్ల సైకిలుకు ఉన్న అడ్డ కడ్డీ ఇక్కడ పెద్ద ఇబ్బంది. మామూలు సైకిలు ఎక్కేటప్పుడు మనకు తెలియకుండానే దాన్ని మన వైపు వంచుతాం, కాలు సులువుగా దాటుతుంది. మూడు చక్రాల బండి వంగదు. కడ్డీ ఉన్న ఎత్తులోనే ఉంటుంది, కాలే అంత ఎత్తు లేవాలి. పట్టేసిన నడుముతో అది అయ్యే పని కాదు. అందుకే లేడీస్ సైకిలు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. చీర కట్టుకునేవాళ్లకూ, పంచె కట్టుకునేవాళ్లకూ అదే మేలు. కడ్డీని కోసి కిందికి దించి వెల్డింగ్ చేయిస్తామంటారు కొందరు. వద్దు. ఆ కడ్డీయే ఫ్రేముకు బలం.

తీసుకునే ముందు హ్యాండిల్ గొట్టం కింద, ఫోర్కు మెడ దగ్గర, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి. రంగు సన్నని గీతలా చీలి, ఆ గీతలోంచి తుప్పు కారి ఉంటే అది పగులు. ఆ ఫ్రేము మార్పిడికి పనికిరాదు.

ఫ్రేము కోయకుండా అవుతుందా?

అవుతుంది, అలాగే చేయాలి. ఈ పేజీ మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

వెనక చక్రం నట్లు కూర్చునే చీలికలు రెండు ఉంటాయి కదా, కొత్త ఇరుసు చట్రాన్ని అక్కడే బోల్టులతో బిగించాలి. రెండు చోట్ల పట్టిస్తే సరిపోదు, పెడలు తొక్కిన ప్రతిసారీ చట్రం ఆ బోల్టుల చుట్టూ తిరగడానికి చూస్తుంది. అందుకని సీటు గొట్టానికి క్లాంపు వేసి, అక్కడి నుంచి చట్రానికి ఒక కమ్మీ దించాలి. ఈ మూడో పట్టు లేకుండా తయారైన బండి నెల తిరక్కుండానే కిర్రుమంటుంది.

పాత ఫ్రేముల గొట్టాలు పలచన. కీళ్ల దగ్గర ఇత్తడితో అతికి ఉంటాయి. గేటు, గ్రిల్లు వెల్డింగ్ చేసే మిషన్‌తో అక్కడ తాకితే గొట్టం కాలి చిల్లు పడుతుంది, లేదంటే ఇత్తడి కరిగి కీలు వదులవుతుంది. వెల్డింగ్ అంతా కొత్త చట్రం మీదే జరగాలి, సైకిలుకు బోల్టులే. రాలీ, హంబర్ లాంటి పాత బండి, ముందు బిళ్ల, గీతల రంగు చెక్కుచెదరకుండా ఉన్నదైతే మరీ జాగ్రత్త. విప్పిన వెనక చక్రం, బ్రేకు కమ్మీలు, స్టాండు అన్నీ ఒక గోనెసంచిలో కట్టి అటకెక్కించండి. రేపు ఎవరైనా దాన్ని మళ్లీ సైకిలుగా చూడాలనుకుంటే ఒక పూట పని.

ఇరుసు ఎలా కట్టించాలి? మా ఊరి వెల్డర్ రెండు మామూలు సైకిలు చక్రాలు అటూ ఇటూ అతికిస్తానంటున్నాడు.

ఆ మాట వినగానే సైకిలు వెనక్కి తెచ్చుకోండి. సైకిలు చక్రం ఇరుసు సన్నది, రెండు వైపులా పట్టు ఉంటుందన్న లెక్కతో చేసింది. ఒక వైపే పట్టించి రెండో కొనను గాలిలో వదిలితే వంగుతుంది, ఒకరోజు విరుగుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, 20 మి.మీ. నిండు కమ్మీ ఇరుసు ఒకటే ఈ చివరి నుంచి ఆ చివరికి వేయడం. చదరపు పైపుతో అడ్డ దూలం కట్టి, దాని మీద రెండు ప్లమ్మర్ బ్లాకులు, అంటే లోపల బేరింగు ఉన్న ఇనుప దిమ్మలు, బిగిస్తారు. 204 నంబరు బ్లాకు 20 మి.మీ. ఇరుసుకు సరిపోతుంది, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. బ్లాకులు ఫ్రేము పక్కనే పెట్టకండి, చక్రాలకు వీలైనంత దగ్గరగా, నాలుగు అంగుళాల లోపు ఉండాలి. మధ్యలో పెడితే ఇరుసు రెండు కొనలూ ఊగుతాయి. ఫ్రీవీలు, అంటే చైను తిప్పే వెనక పళ్ల చక్రం, కూర్చోవడానికి అంగుళానికి 24 మరలున్న బుష్షు లేత్ మీద తిప్పించి, కీ గాడితో ఇరుసుకు పట్టించాలి.

రెండో దారిలో చట్రంలోనే ప్రతి చక్రానికీ లోపలా బయటా పట్టీలు పెడతారు. అప్పుడు మామూలు హబ్బులు నడుస్తాయి, కానీ బండి వెడల్పు పెరుగుతుంది, చైను శక్తిని చక్రానికి అందించడం చిక్కవుతుంది. నేనైతే మొదటిదే చేయించమంటాను.

దీనికి తగిన మనిషి పాత రిక్షా మేస్త్రీ. ఆటోలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది, తెలిసినవాళ్లూ తగ్గారు. అయినా సామాన్ల ట్రాలీ రిక్షాలు బాగుచేసే షాపు మీ పట్టణంలో ఎక్కడో ఒకటి ఉంటుంది, మార్కెట్ యార్డు దగ్గర హమాలీలను అడిగితే చెబుతారు. కొత్త సైకిళ్లు అమ్మే షోరూంలో ఈ ప్రశ్న అడగకండి, మీకూ వాళ్లకూ విసుగు.

రెండు చక్రాలూ చైనుతో తిరగాలా, ఒకటి చాలా?

ఒకటి చాలు. రెండింటినీ ఇరుసుకు గట్టిగా బిగిస్తే మలుపులో చిక్కొస్తుంది. బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకే వేగంతో తిరిగితే ఒకటి రోడ్డును రాసుకుంటూ పోతుంది, హ్యాండిల్ తిప్పినా బండి నేరుగానే వెళ్లాలని మొండికేస్తుంది. దీనికోసమే జేమ్స్ స్టార్లీ అనే ఇంగ్లీషు సైకిలు తయారీదారు 1877లో తన మూడు చక్రాల బండికి, రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అమర్చాడు, కార్లు పుట్టకముందే. మనకు అంత అవసరం లేదు. ఒక చక్రాన్ని ఇరుసుకు కీతో బిగించి, రెండోదాన్ని బేరింగుల మీద విడిగా వదిలేస్తే సరి.

బిగించేది ఎడమ చక్రాన్ని. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉండి అంచుల వైపు వాలుతాయి, మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి బండి ఎప్పుడూ ఎడమకు లాగుతుంది. తోసే బలం ఎడమ చక్రం నుంచి వస్తే అది బండిని కొంచెం కుడికి తిప్పుతుంది, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి.

వెనక చక్రాలు ఎంత సైజువి వేయాలి?

24 అంగుళాలవి నాకు నచ్చుతాయి. 28 అంగుళాలవి వేస్తే ఫ్రేము వాలు మారదు, కానీ పెద్ద చక్రం పక్క ఒత్తిడికి తట్టుకోదు. సైకిలు మలుపులో వంగుతుంది కాబట్టి దాని చక్రం మీద బరువు ఎప్పుడూ నిలువునే పడుతుంది. మూడు చక్రాల బండిలో మాత్రం పక్కకు తోస్తుంది, పుల్లలు వదులై చక్రం ఎనిమిది అంకెలా వంకరపోతుంది. అందుకే చిన్న చక్రం, లావు పుల్లలు. మామూలుగా 14 గేజి పుల్లలు వేస్తారు, అంటే 2 మి.మీ. మీరు 12 గేజి అడగండి, అవి 2.6 మి.మీ. ఉంటాయి. హబ్బు, రిమ్ము రంధ్రాలు వాటికి తగ్గట్టు పెద్దవి చేయించాలి.

24 వేస్తే ఒక సవరణ తప్పదు. ఇరుసు నుంచి నేల దాకా చక్రం రెండు అంగుళాలు పొట్టి కాబట్టి వెనక భాగం అంత కిందికి దిగుతుంది, ఫోర్కు వెనక్కి వాలి హ్యాండిల్ బరువుగా పక్కకు పడిపోతుంటుంది. ఇరుసును ఫ్రేము చీలికల కన్నా రెండు అంగుళాలు కిందికి వచ్చేలా పట్టీలు చేయిస్తే ఫ్రేము మళ్లీ సమంగా నిలుస్తుంది.

వెడల్పు ఎంత ఉండాలి?

ముందు మీ గేటు కొలవండి. చాలా ఇళ్ల వీధి తలుపు మూడు అడుగులు. బండి మొత్తం వెడల్పు 80 సెం.మీ. దాటితే రోజూ గోడ గీసుకోవడమే. చక్రాల మధ్య 70 సెం.మీ. పెట్టించుకోండి. 60కి తగ్గితే నిలకడ పోతుంది.

మూడు చక్రాలున్నాయి కదా, బోల్తా పడదు కదా?

పడుతుంది. సైకిలు పడని చోట పడుతుంది. ఎక్కువమంది నమ్మని సంగతి ఇదే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

బండి పక్కకు తిరగబడేటప్పుడు ముందు చక్రాన్నీ బయటి వైపు వెనక చక్రాన్నీ కలిపే గీత మీదుగా తిరగబడుతుంది. చక్రాల మధ్య 70 సెం.మీ. ఉన్నా, మనిషి ముందుకు కూర్చుంటాడు కాబట్టి ఆ గీతకూ బరువు కేంద్రానికీ మధ్య నిజంగా ఉండేది దాదాపు 23 సెం.మీ. మాత్రమే. ఎత్తైన పాత సైకిలు మీద మనిషితో కలిపి బరువు కేంద్రం ఒక మీటరు ఎత్తులో ఉంటుందనుకోండి. ఈ లెక్కన ఐదు మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తీసుకుంటే గంటకు 12 కి.మీ. వేగానికే లోపలి చక్రం లేస్తుంది. గల్లీలోకి తిరిగే మూడు మీటర్ల మలుపైతే 9 కి.మీ. చాలు. మామూలు సైకిలు మీద ఇది పిల్లలు కూడా లెక్కచేయని వేగం.

కాబట్టి సీటు వీలైనంత దించండి. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు వేయకండి. బ్రేకు వేస్తే బరువు ముందుకు జరుగుతుంది, ముందు భాగమే ఇరుకైనది. దిగుడులో మలుపు తిరుగుతూ బ్రేకు వేయడం అన్నింటికన్నా చెడ్డ పని. మలుపు లోపలి వైపుకు ఒళ్లు వంచండి, కుడికి తిరిగేటప్పుడు కుడి భుజం కిందికి. ఇక రోడ్డు అంచు. కొత్తగా వేసిన తారు రోడ్లకు పక్క మట్టి నింపకుండా వదిలేస్తారు, అంచు జానెడు ఎత్తు ఉంటుంది. మీరు చూసేది ముందు చక్రాన్ని, ఎడమ వెనక చక్రం దానికన్నా మూరెడు దాకా ఎడమకు ఉంటుంది. అది అంచు దిగిందంటే బండి పడినట్టే.

నలభై ఏళ్లు సైకిలు తొక్కాను. దీని మీద ఎక్కితే గోడ వైపు పోతోంది. తప్పు బండిదా, నాదా?

రెండింటిదీ కాదు, అలవాటుది. సైకిలును మనం ఒళ్లు వంచి తిప్పుతాం, హ్యాండిల్ దాని వెంట వస్తుంది. ఈ బండి వంగదు. మీరు వంగి అది తిరుగుతుందని ఎదురుచూస్తారు, ఈలోగా రోడ్డు వాలుకు అది ఎడమకు పోతుంది. భయంతో ఇంకా వంగుతారు. హ్యాండిల్‌ను స్టీరింగులా చేతులతో తిప్పాలి. సైకిలు అసలు రానివాళ్లు దీన్ని ముందుగా నేర్చుకుంటారు, మీ ఇంటావిడ మీకన్నా తొందరగా నేర్చుకుంటే చిన్నబుచ్చుకోకండి.

నేర్చుకోవడానికి వాలు లేని మైదానం కావాలి. నల్లగొండలో ఎన్‌జీ కాలేజీ మైదానం, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కాలేజీ మైదానం లాంటివి తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయి. ముందు ఎనిమిది అంకె వేయడం, తర్వాత ఇటుకల మధ్య దూరి పోవడం నేర్చుకోండి. చేయి తిరిగాక పానగల్లు దాకానో, పిల్లలమర్రి దాకానో వెళ్లి రండి.

బ్రేకులు?

వెనక చక్రం తీసేస్తే వెనక రాడ్ బ్రేకు పోయినట్టే. ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని రోడ్డెక్కకండి. ఉక్కు రిమ్ము తడిస్తే ఆ రబ్బర్లు పట్టవు. ఇరుసు మీద డ్రమ్ము పెట్టించి, దాని చుట్టూ పట్టీ బిగుసుకుని ఆపే, తీగతో నడిచే బ్యాండ్ బ్రేకు వేయించండి. అది ఇరుసుకు బిగించిన ఎడమ చక్రాన్నే ఆపుతుంది కాబట్టి గట్టిగా పడితే బండి ఎడమకు లాగుతుంది. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా పట్టాలి.

బ్రేకు పిడికి ఒక కొక్కెం కూడా పెట్టించండి. సైకిలు స్టాండు వేస్తే నిలుస్తుంది, ఇది కొంచెం వాలున్నా తనంతట తానే నడిచిపోతుంది. కూరగాయల బండి దగ్గర ఆపి దిగి, బేరం ఆడి వెనక్కి తిరిగేసరికి అది రోడ్డు మధ్యలో ఉంటుంది.

తొక్కడం బరువుగా ఉంటుందా?

పాత పళ్ల లెక్కతో అయితే ఉంటుంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, 28 అంగుళాల చక్రం ఉన్న సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. మూడు చక్రాల బండికి, దాని బరువుకు అది ఎక్కువ. వెనక 22 పళ్ల ఫ్రీవీలు వేసి, చక్రాలు 24 అంగుళాలవైతే ఒక చుట్టుకు 3.8 మీటర్లు. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు పదకొండున్నర కిలోమీటర్లు. ఈ బండికి అంతకన్నా వేగం అక్కర్లేదు, పైన బోల్తా లెక్క చూశారు కదా. 22 పళ్లది మన దగ్గర దొరక్కపోతే హైదరాబాద్ ఇసామియా బజార్‌లో అడగండి.

వెనక బుట్ట పెట్టి సామాన్లు తేవచ్చా?

తేవచ్చు, బండి సుఖమంతా అందులోనే ఉంది. బుట్ట ఇరుసు మీదే, వీలైనంత కింద ఉండాలి. అప్పుడు బరువు బండిని ఇంకా నిలకడగా చేస్తుంది. ఇరుసు దాటి వెనక్కి వేలాడితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది.

ఖర్చు ఎంత?

ఊరిని బట్టి, మేస్త్రీని బట్టి మారుతుంది. ఇక్కడ అంకె రాస్తే రేపు అదే చూపించి గొడవ పడతారు. ఎక్కువ పోయేది లేత్ పనికీ, చక్రాలు కట్టించడానికీ. సామాను మీరే కొని, కూలి ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. కొత్త మామూలు సైకిలు ధర కన్నా తక్కువలో పూర్తి చేస్తానన్నవాడు ఏదో ఒకటి ఎగ్గొడుతున్నాడని అర్థం.

మోటారు పెట్టించవచ్చా? రిజిస్ట్రేషన్ కావాలా?

పెడళ్లతో నడిచే బండికి ఏ రిజిస్ట్రేషనూ, లైసెన్సూ అక్కర్లేదు. మోటారు పెడితే కథ మారుతుంది. 250 వాట్ల లోపు, గంటకు 25 కి.మీ. లోపు బ్యాటరీ బళ్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మినహాయింపు ఉంది కానీ, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బండికే అది వర్తిస్తుంది. వెల్డింగ్ షాపులో కట్టిన బండికి ఆ కాగితం రాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, 9 కి.మీ. వేగానికి చక్రం లేపే బండికి మోటారు ఎందుకు?

మా అన్నకు కాళ్లు పనిచేయవు. ఇలాంటిదే చేతులతో తిప్పేలా చేయించవచ్చా?

చేయించకండి, అడగండి. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండి, ఆదాయం నిబంధనల పరిమితిలో ఉన్నవాళ్లకు వికలాంగులకు సాయపడే పరికరాలు ఇవ్వడానికి కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఏడిప్ పథకం కింద చేతితో నడిపే మూడు చక్రాల బళ్లు ఇస్తారు. వాటిని కాన్పూర్‌లోని ఎలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ తయారుచేస్తుంది. మనిషి కొలతలు చూసి ఇచ్చేది, పాత సైకిలుతో చేసినదానికన్నా ఎంతో నయం. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో శిబిరం ఎప్పుడో కనుక్కోండి.

ఎన్నాళ్లకోసారి చూపించాలి?

మొదటి వారం రోజూ నట్లన్నీ పానా పెట్టి చూడండి, కొత్త చట్రం సర్దుకునేటప్పుడు వదులవుతాయి. తర్వాత నెలకోసారి పుల్లలు వేలితో మీటి చూడండి, మోగకుండా డబ్ మన్నది వదులైనట్టు. చైనుకు నూనె, బ్లాకులకు గ్రీజు. ఎండాకాలం బండిని నీడన పెట్టండి, మధ్యాహ్నం ఎండలో గట్టిగా గాలి నింపిన ట్యూబు పేలుతుంది. సర్కారు తుమ్మ ముళ్లున్న దారిలో సైకిలు ఒక్క గీత మీద తప్పించుకుపోతుంది, ఇది మూడు గీతల మీద వెళ్తుంది. పంచర్లు ఎక్కువే.

మనవణ్ని వెనక బుట్టలో కూర్చోబెట్టుకోవచ్చా?

బుట్టలో వద్దు. పుల్లల్లో కాలు పడుతుంది. చక్రాలకు రెండు వైపులా రేకు కట్టించి, ఇరుసు మీద పల్లంగా, వెనక ఆనుకునే పలకతో, నడుముకు పట్టీతో చిన్న సీటు చేయిస్తే సరే. అది కూడా మీకు బండి పూర్తిగా చేతికి అలవాటయ్యాకే, బజారు రోడ్డు మీద కాకుండా మీ వీధిలోనే.